పదో తరగతి పిల్లలకు ఇంట్లో గణితం, భౌతికశాస్త్రం ట్యూషన్ చెప్పడం ఎలా?

డిగ్రీలోనో ఇంజనీరింగ్‌లోనో ఈ రెండు విషయాలూ చదువుకుని, సాయంత్రాలు ఇరుగుపొరుగు పిల్లలకు ట్యూషన్ చెప్పాలనుకునేవారిలో చాలామంది పాఠ్యపుస్తకం మొదటి పేజీ తెరిచి పాఠం మొదలుపెడతారు. ఉదయం బడిలో విన్నదే సాయంత్రం మళ్లీ వింటే విద్యార్థికి ఒరిగేది తక్కువ. పదో తరగతి భౌతికశాస్త్రంలో లెక్క తప్పడానికి కారణం తరచుగా ఆరు, ఏడు తరగతుల గణితంలోనే ఉంటుంది కాబట్టి, ఆ చోటును వెతికి పట్టుకోవడమే ట్యూషన్ చెప్పేవారి మొదటి పని. అన్నట్టు, ఇప్పటికే బడిలో ఉపాధ్యాయులుగా ఉన్నవారికి ఈ వ్యాపకం కుదరదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పడాన్ని నిషేధించింది.

మొదటి రోజు పాఠం చెప్పకుండా, మార్కులు వేయబోమని ముందే చెప్పి, అరగంట పరీక్ష పెట్టండి. భిన్నాల కూడిక, మైనస్ సంఖ్యల గుణకారం, దశాంశాల భాగహారం, సమీకరణంలో ఒక పదాన్ని సమాన గుర్తుకు అవతలి వైపు మార్చడం, గంటకు 72 కిలోమీటర్ల వేగాన్ని సెకనుకు మీటర్లలో చెప్పడం వంటి ప్రశ్నలు పది చాలు. రఫ్ వర్క్ చెరిపివేయవద్దని గట్టిగా చెప్పండి, ఎందుకంటే మీకు కావలసింది జవాబు కాదు, పిల్లలు ఆ జవాబు దాకా నడిచిన దారి.

ఆ దారి ఎంత చెబుతుందో చూడటానికి ఒక లెక్క తీసుకుందాం. 6 ఓంలు, 3 ఓంల నిరోధాలను సమాంతరంగా కలిపితే ఫలిత నిరోధం ఎంత? ఒక విద్యార్థి ఒకటి బై ఆరు, ఒకటి బై మూడు కూడి రెండు బై తొమ్మిది అని వేసి, దాన్ని తిరగేసి 4.5 ఓంలు అంటాడు. ఇంకొకడు క.సా.గు. సరిగ్గానే తీసి ఒకటి బై రెండు దాకా వచ్చి, తిరగేయడం మరిచిపోయి అర ఓం దగ్గర ఆగిపోతాడు. మూడో అమ్మాయి నేరుగా కూడి 9 ఓంలు అని రాస్తుంది. సరైన జవాబు 2 ఓంలు కాబట్టి ముగ్గురిదీ తప్పే అయినా, ముగ్గురికీ ఒకే పాఠం మళ్లీ చెబితే ముగ్గురి సమయమూ వృథా. మొదటివాడికి భిన్నాలు నేర్పాలి. నిరోధాలను ఒకదాని వెంట ఒకటి కలిపే శ్రేణి సంధానంలా కూడేసిన మూడో అమ్మాయి చేత శ్రేణి, సమాంతర వలయాల బొమ్మలు రెండూ గీయించి, కరెంటు ఎక్కడ చీలుతోందో వేలితో చూపించమనాలి. సమాంతర సంధానంలో ఫలిత నిరోధం విడి నిరోధాల్లో చిన్నదానికంటే కూడా తక్కువగా ఉండాలన్న సంగతి అలవాటైతే, 4.5, 9 అనే జవాబులను ఆ ఇద్దరూ తామే అనుమానిస్తారు. అర ఓం మాత్రం ఈ జల్లెడలోంచి జారిపోతుంది. అందుకే రెండోవాడి చేత ప్రతి వరుసలోనూ ఎడమవైపు 'ఒకటి బై నిరోధం' అని పూర్తిగా రాయించాలి. దర్పణాలు, కటకాల లెక్కల్లో ప్రతిబింబ దూరం కనుక్కునేటప్పుడు ఇదే పొరపాటు మళ్లీ ఎదురవుతుంది, పైగా అక్కడ మైనస్ గుర్తులు కూడా తోడవుతాయి.

ఆ తరువాత పాఠాల వరుస నిర్ణయించుకోండి. బడిలో జరుగుతున్న అధ్యాయం వెంటే నడవండి కానీ, దానికి కావలసిన గణితాన్ని వారం ముందే పూర్తిచేయండి. ఓం నియమానికి ముందు సరళరేఖ గ్రాఫులు, కాంతి పాఠానికి ముందు భిన్నాలు, గుర్తులు రావాలి.

సూత్రం రాసే ముందు చేతికి ఒక వస్తువు ఇవ్వడం మంచిది. దారానికి ఒక నట్టు కట్టి లోలకం చేయండి. మీటరు పొడవుతో 20 డోలనాలకు పట్టే సమయాన్ని ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో కొలిపిస్తే సుమారు 40 సెకన్లు వస్తుంది. దారాన్ని 25 సెంటీమీటర్లకు కుదించి కొలిచే ముందు, ఎంత వస్తుందో ఊహించి రాయమనండి. చాలామంది 10 అని రాస్తారు. వచ్చేది సుమారు 20. పొడవు నాలుగో వంతైతే సమయం సగమే ఎందుకైందని అడిగినప్పుడు, వర్గమూలం అనే మాటకు గణితం నోట్సు బయట కూడా పని ఉందని వారికి తెలుస్తుంది.

ఒక విడతకు నలుగురైదుగురిని మించి తీసుకోవద్దు, ఎందుకంటే అంతకు మించితే ఒక్కొక్కరి రఫ్ వర్క్ చూడటం సాధ్యం కాదు. ఇంగ్లిషు మీడియం పిల్లలకు కూడా భావాన్ని తెలుగులో వివరించి, సాంకేతిక పదాలను వారు పరీక్షలో రాసే భాషలోనే ఉంచండి. రెండు భాషలూ ఎదురెదురు పేజీల్లో అచ్చయిన ప్రభుత్వ పాఠ్యపుస్తకం ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. బడి హోంవర్కు పూర్తిచేయించే చోటుగా మాత్రం ట్యూషన్‌ను మారనివ్వకండి. తప్పుల కోసం విడిగా ఒక నోట్సు పెట్టించి, తప్పు చేసిన లెక్కను, అది ఎక్కడ తప్పిందో చెప్పే ఒక్క వాక్యాన్ని అందులో రాయించండి. జనవరి నుంచి పాత ప్రశ్నపత్రాలను గడియారం పెట్టి రాయిస్తూ, ఆ నోట్సునే తిరగేయించాలి.

ఫీజు ఎంతో, సెలవుల నెలలో తీసుకుంటారో లేదో మొదటి రోజే తల్లిదండ్రులకు చెప్పేయండి. "మా వాడికి ఎన్ని మార్కులు వస్తాయండీ?" అని వారు అడిగితే అంకె చెప్పి మాట ఇవ్వకుండా, తప్పుల నోట్సు తెరిచి గత నెలకూ ఈ నెలకూ తేడా చూపించండి. తెలియని లెక్కను విద్యార్థి మీ వైపు చూడకుండా మొదలుపెట్టి, జవాబును తానే సరిచూసుకుంటున్నాడంటే, వారానికి ఆరు రోజుల ట్యూషన్‌ను రెండు రోజులకు తగ్గించమని, ఫీజు కూడా ఆ మేరకే ఇవ్వమని మీరే చెప్పాలి.