హైదరాబాద్ కాస్తా ‘హదరబద’ అయింది

ఖాళీ దొరికినప్పుడల్లా పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తున్న నా ఓపెన్ సోర్స్ బ్లాగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘హైదరాబాద్ బిర్యానీ’ అని శీర్షిక పెడితే లింకులో ‘హదరబద-బరయన’ అని వచ్చింది. అమీర్‌పేటలో చాయ్ తాగుతూ చూపిస్తే, “పీహెచ్‌పీతో అంతేరా, జావాస్క్రిప్ట్‌కి మారిపో” అన్నాడు మావాడు. వాడికి ఏ రోగానికైనా అదే మందు.

రాత్రి, శీర్షికను లింకుగా మార్చేటప్పుడు ఏ గుర్తులు తీసేయాలో చెప్పే అదే సూత్రాన్ని, అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ను జావాస్క్రిప్ట్‌లో నడిపి చూశా. అక్కడా ‘హదరబద’నే! తప్పు నాదే. అక్షరాలు, అంకెలు తప్ప అన్నీ తీసేయమని రాశాను. అన్ని భాషల రాతకూ కంప్యూటర్ కోడ్‌లు ఇచ్చే యూనికోడ్ లెక్కలో మన గుణింతపు గుర్తులు, పొల్లు ‘లెటర్’ కావు, ‘మార్క్’. ఆ కోవనూ ఉంచమని ఒక్క ముక్క కలిపితే దీర్ఘాలు, పొల్లులు తిరిగొచ్చాయి. టెస్టులన్నీ ఇంగ్లిష్ శీర్షికలతో రాసుకుంటే ఇంతే మరి.

‘సాఫ్ట్‌వేర్’ మాత్రం ఇంకా ‘సాఫ్ట్వేర్’ అనే వస్తోంది. ‘ట్’, ‘వే’ కలిసి ఒత్తు కాకుండా మధ్యలో కనిపించకుండా ఉండే ‘నాన్ జాయినర్’ ఆ ‘మార్క్’ కోవలోకీ రాదట! దాన్ని విడిగా చేర్చాను.