హ్యాండ్‌హెల్డ్ హామ్ రేడియోకి ప్రోగ్రామింగ్ కేబుల్ ఎలా ఎంచుకోవాలి?

హామ్ రేడియో అంటే లైసెన్స్ తీసుకుని సొంత ఆసక్తితో మాట్లాడుకునే రేడియో, దాంట్లోకి కంప్యూటర్ నుంచి ఛానెల్స్ ఎక్కించే వైరే ప్రోగ్రామింగ్ కేబుల్. మా అనంతపురంలో ఈ కేబుల్ అమ్మే అంగడి నాకైతే కనపడలేదు, టవర్ క్లాక్ దగ్గర మొబైల్ సామాన్ల షాపుల్లో అడిగితే చార్జింగ్ వైరు చేతిలో పెడతారు. చివరికి ఆన్‌లైన్లోనే తెప్పించుకోవాల, అందుకే ఆర్డర్ పెట్టేముందు ఒక పది నిమిషాలు దీనిమీద పెట్టండి.

మొదట మీ రేడియో పక్కన రబ్బరు మూత తీసి చూడండి. బావోఫెంగ్ యూవీ-5ఆర్ లాంటి వాటికి రెండు రంధ్రాలుంటాయి, ఒకటి 2.5 ఎంఎం, ఇంకోటి 3.5 ఎంఎం, దీన్ని కెన్‌వుడ్ రెండు పిన్నుల రకం అంటారు. యాసు (Yaesu) కంపెనీ ఎఫ్‌టీ-60 రేడియోకి ఒకటే పిన్ను, అది వేరే కేబుల్. నీళ్లకి తట్టుకునే యూవీ-9ఆర్‌కి మళ్లీ వేరే. ఇంకొకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి, టీవైటీ ఎండీ-380 అనే రేడియో కేబుల్ చూడ్డానికి అచ్చం బావోఫెంగ్ కేబుల్ లాగే ఉంటుంది, రెండు పిన్నులూ సరిగ్గా పడతాయి, కానీ దాన్లో చిప్ ఉండదు, యూఎస్‌బీ నేరుగా రేడియోకి పోతుంది, కాబట్టి ఒకదాని కేబుల్ ఇంకోదానికి పనిచెయ్యదు. రేడియోకి టైప్-సీ పోర్ట్ ఉంది కదా అని కేబుల్ కొనకుండా ఉండొద్దు, చాలా మోడల్స్‌లో అది చార్జింగ్‌కి మాత్రమే.

పిన్ను తేలినాక చిప్ చూడాల, అసలు తలనొప్పి అంతా ఇక్కడే. యూఎస్‌బీ వైపు ఉండే ఆ లావుపాటి ప్లాస్టిక్ లోపల కంప్యూటర్ మాటని రేడియోకి అర్థమయ్యే సీరియల్ సిగ్నల్‌గా మార్చే చిప్ ఉంటుంది. ప్రొలిఫిక్ పీఎల్2303 పాత చిప్‌లు, వాటి నకిలీలు ఉన్న కేబుళ్లు చవగ్గా వస్తాయి కానీ కొత్త విండోస్ డ్రైవర్ (చిప్‌తో కంప్యూటర్ మాట్లాడేందుకు వాడే సాఫ్ట్‌వేర్) వాటిని ఒప్పుకోదు, విండోస్‌లో తగిలించిన పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 10 అని చూపిస్తుంది. ఇప్పటికే కొనేసుంటే పారెయ్యొద్దు, డివైస్ మేనేజర్‌లోనే పాత 3.2.0.0 డ్రైవర్ ఎంచుకుంటే చాలావరకు పనిచేస్తుంది. కొత్తగా కొనేవాళ్లకి నా మాట ఒకటే, నాలుగు రూపాయలు ఎక్కువైనా ఎఫ్‌టీడీఐ చిప్ అని రాసున్నదే తీసుకోండి. లినక్స్ వాడేవాళ్లకి ఈ బాధ చాలా తక్కువ, డ్రైవర్లు అందులోనే ఉంటాయి.

కేబుల్ వచ్చినాక రేడియో ఆఫ్ చేసి పిన్ను పెట్టి గట్టిగా నొక్కండి. నేను మొదటిసారి రెండు సాయంత్రాలు డ్రైవర్ మీద అనుమానపడి మార్చిందే మార్చి, చివర్లో చూస్తే పిన్ను పూర్తిగా లోపలికి దిగలేదు, ప్లాస్టిక్ అంచు అడ్డొస్తోంది, బ్లేడుతో కొంచెం చెక్కినాక టక్కున కూర్చుంది. తర్వాత రేడియో ఆన్ చేసి, వాల్యూమ్ కొంచెం పెంచి, ఎవరూ మాట్లాడని ఛానెల్‌లో పెట్టి, చర్ప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మీ కామ్ పోర్ట్ (కేబుల్‌కి కంప్యూటర్ ఇచ్చిన COM నంబరు), రేడియో మోడల్ ఎంచుకోండి. ముందు రేడియోలో ఉన్నదాన్ని డౌన్‌లోడ్ చేసి ఆ ఫైల్ ముట్టుకోకుండా పక్కన దాచండి, దాని కాపీలోనే మార్పులు చేసి అప్‌లోడ్ చెయ్యండి. ఫ్రెండు ఫైల్ తెచ్చి నేరుగా మీ రేడియోలో ఎక్కించొద్దు. మన దేశంలో లైసెన్స్ ఉన్న హామ్‌లకి 144-146, 434-438 మెగాహెర్ట్జ్ ఇచ్చారు, ట్రాన్స్‌మిట్ చేసే ఛానెల్స్ ఆ హద్దుల్లోనే రాసుకోండి.