నూనె నిలవ పరీక్ష – 3వ పాఠం: శాంపిల్ తీయడం, దాచడం

నూనెను ఏమేం పాడుచేస్తాయో పోయిన పాఠంలో చూశాం: గాలి, వెలుతురు, వేడి, రాగి, ఇనుము. గానుగ దగ్గర ఉన్న నూనెను వాటి బారిన పడకుండా రాన్సిమాట్ యంత్రం దాకా చేర్చడమే ఈసారి పని. నూనెను వేడిచేసి గాలి పంపుతూ, అది పాడవడానికి ఎన్ని గంటలు పడుతుందో చూసే యంత్రమిది.

ఇందులో నేనొకసారి పెద్ద తప్పు చేశాను. అనంతపురంలో ఒక గానుగాయన శెనక్కాయ నూనె ఇస్తే, ఖాళీ నీళ్ల బాటిల్‌లో సగం దాకా పోసి, మే ఎండలో బండి డిక్కీలో వేసుకుని సాయంత్రం దాకా తిరిగాను. యంత్రంలో గంటలు బాగా తక్కువ వచ్చాయి. ఆయన తన కాయలనే అనుమానించి ఆ నూనెంతా తక్కువ రేటుకు ఇచ్చేశాడు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

అందుకే సీసా దగ్గర తొందరపడొద్దు. ముదురు గోధుమరంగు గాజు సీసా తీసుకోండి. సబ్బుతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో తొలిచి, వెలుతురుకు ఎత్తి చూడండి. నీళ్లు లోపలి గోడ మీద పలచటి పొరలా జారిపోతే శుభ్రమైనట్టు. ఎక్కడైనా బొట్లుగా నిలిచాయంటే పాత జిడ్డు ఉన్నట్టే, మళ్లీ కడగాలి. ముక్కిపోయిన పాత నూనె కాస్త మిగిలినా కొత్తదాన్ని త్వరగా పాడుచేస్తుంది. చుక్క తడి లేకుండా ఆరబెట్టండి.

డబ్బాను స్టీలు కడ్డీతో అడుగుదాకా కలిపి తీయాలి. తేర్చి అమ్మే నూనె అయితే మాత్రం తేరినదే తీయండి; కొనేవాళ్ల ఇంటికి పోయేది అదే కదా. మెడ దాకా నింపి బిగించండి. నైట్రోజన్ గ్యాస్ ఉంటే బిగించే ముందు నూనె పైన కాస్త ఊదండి, గాలి బయటకు పోతుంది.

ఒక పెద్ద సీసా కన్నా నాలుగైదు చిన్నవి మేలు. ఒక్కో పరీక్షకు ఒక్కటే తెరవచ్చు. తేదీ, లాటు రాసి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టండి. బయటకు తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా మూత తీయొద్దు, గాలిలోని తేమ లోపల పట్టేస్తుంది.

నెయ్యి, డాల్డా అయితే గోరువెచ్చని నీళ్లలో సీసా ఉంచి మొత్తం కరిగించి కలపాలి. సగం కరిగినప్పుడు పైన తేలినదాన్ని తీస్తే అది ఆ నెయ్యి మొత్తానికి శాంపిల్ కాదు. పొయ్యి మీద మాత్రం పెట్టొద్దు.

రాన్సిమాట్ యంత్రానికి సాధారణంగా 3 గ్రాములు చాలు. 110 డిగ్రీల్లో వచ్చిన గంటలను 120లో వచ్చినవాటితో పోల్చకండి. 10 డిగ్రీలు పెరిగితే సమయం దాదాపు సగమవుతుంది.

వచ్చే పాఠానికి ఒకే నూనెతో రెండు సీసాలు, ఒకటి నిండుగా, ఒకటి సగం నింపి, ఒకే అల్మారాలో పక్కపక్కన పెట్టండి. రెండు వారాల తర్వాత రెండిటి పెరాక్సైడ్ విలువ (గాలి తగిలి నూనె ఎంత పాడైందో చెప్పే అంకె) కలిసి తీద్దాం.