కణ జీవక్రియ పరీక్షలకు రక్తం తీసేముందు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం పక్క పల్లెల్లో తీసిన రక్తం ల్యాబుకు చేరేసరికి గంటలు గడుస్తాయి. ట్యూబులో పడ్డాక కూడా కణాలు బతికే ఉంటాయి, చక్కెరను వాడుకుంటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో గది వేడికి గంటకు 5–7 శాతం గ్లూకోజ్ తగ్గుతుంది. ఎండాకాలం ఇంకా ఎక్కువ.

గ్లూకోజ్‌కు బూడిదరంగు మూత ట్యూబు. అందులోని ఫ్లోరైడ్ అనే మందు, కణాలు చక్కెరను వాడుకోవడానికి కావలసిన ఎనోలేజ్ ఎంజైమును ఆపుతుంది గానీ, పూర్తిగా పనిచేయడానికి గంటా రెండు గంటలు పడుతుంది. మందుంది కదా అని బల్లమీద వదిలేయకండి. మెల్లగా 8–10 సార్లు తలకిందులు చేసి వెంటనే చల్లటి పెట్టెలో పెట్టండి.

లాక్టేట్ (కణాలు చక్కెరను వాడుకున్నప్పుడు తయారయ్యే పదార్థం) పరీక్షకు చేతికి పట్టీ బిగించొద్దు, పిడికిలి మూయమనొద్దు. కొండ దిగి నడిచొచ్చిన మనిషిని ముందు అరగంట కూర్చోబెట్టండి. ట్యూబు ఐసులో ఉండాలి, 15 నిమిషాల్లో ప్లాస్మా (కణాలు తీసేసిన రక్తద్రవం) వేరుచేయాలి. అందుకు ట్యూబును గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్ యంత్రం దగ్గర లేకపోతే ఆ పరీక్షకు అక్కడ రక్తం తీయకపోవడమే మేలు.

అన్నిటికంటే జాగ్రత్త జీ6పీడీ అనే ఎర్రకణాల ఎంజైము పరీక్షకు. ఎర్రకణాన్ని ఆక్సీకరణ దెబ్బ నుంచి కాపాడే ఎన్‌ఏడీపీహెచ్ అనే పదార్థం ఈ ఎంజైము వల్లే తయారవుతుంది. ఎంజైము లోపం ఉన్నవాళ్లలో ప్రిమాక్విన్ మందు ఎర్రకణాలను పగలగొడుతుంది కాబట్టి, వైవాక్స్ రకం మలేరియాకు 14 రోజుల ప్రిమాక్విన్ మొదలుపెట్టేముందు లోపం ఉందో లేదో తేలాలి.

ఈ పరీక్షకు ఊదారంగు మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా చూసే మందు) ట్యూబు, 2–8 డిగ్రీల సెల్సియస్ చలిలో ఉంచాలి. ఐసుగడ్డ నేరుగా తగిలితే రక్తం ఐసులా గట్టిపడి కణాలు పగులుతాయి, గుడ్డ చుట్టండి.

మూడు నెలల్లో రక్తం ఎక్కించారా? ఈమధ్య కామెర్లు, నల్లటి మూత్రం వచ్చాయా? తప్పక అడగండి. దాత కణాల్లో, కొత్తగా పుట్టిన కణాల్లో ఎంజైము ఎక్కువగా ఉండి లోపం కనబడకుండా పోతుంది. తెలుగు, ఒడియా చాలని చోట కువి గానీ సవర గానీ, అక్కడి గిరిజన భాష వచ్చిన ఆశా కార్యకర్తతో అడిగించండి.