గోస్తనీ గట్టున కుక్కతో నడక – 3వ పాఠం: తీతువు చెప్పే దూరం

మొదటి రెండు పాఠాల్లో కుక్కను తాడు మీద పక్కనే నడిపించడం, 'ఆగు' అనగానే ఆగి నిలబడేలా చెయ్యడం నేర్చుకున్నాం. ఆ రెండూ ఇంకా కుదరకపోతే ఈ పాఠాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టండి. ఎందుకంటే ఇవాళ మనం నడవబోయే చోట నేల మీద గుడ్లుంటాయి.

చోటు భీమిలి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి జలాశయంలో కాసేపు ఆగి, గోస్తనీ ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. వేసవిలో పాయ సన్నబడి ఇసుక, గులకరాళ్ళు బయటపడతాయి. మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, దగ్గర్నుంచి ఎగువకు నడవండి. గాలి నెమ్మదిగా ఉన్న రోజుల్లో వేకువన భూమి మీంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి ఎగువకు నడిస్తే అది మీకు ఎదురొస్తుంది. ముందున్న జీవాల వాసన కుక్కకు అందుతుంది, మన వాసన వాటికి అందదు. అనుమానముంటే చిటికెడు పొడి ఇసుక వదిలి చూడండి, ఎటు పోతుందో తెలుస్తుంది.

ఇక తీతువు పిట్ట. నల్లటి తల, నల్లటి రొమ్ము, కంటి ముందు ఎర్రటి తోలు, పొడవాటి పసుప్పచ్చ కాళ్ళు. దాని అరుపు వినని ఊరు మన వైపు లేదు. రాత్రిపూట అరిస్తే చావు కబురొస్తుందని భయపడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ పిట్ట మీద పడిన ఈ నింద నాకు చాలా బాధగా ఉంటుంది. అది అరిచేది తన గూటి వైపు నక్కో, ముంగిసో, మనిషో వస్తున్నప్పుడు. అంటే కాపలా కాస్తోంది. గట్టున నడిచేవాళ్ళకు అంతకన్నా మంచి గురువు దొరకదు.

గూడు అని పేరే గానీ అల్లిక ఏమీ ఉండదు. గులకరాళ్ళ మధ్య చిన్న పల్లం, అందులో మామూలుగా 4 గుడ్లు, మొనలు లోపలికి తిరిగి ఉంటాయి. మట్టిరంగు మీద నల్ల మచ్చలు. అడుగు దూరంలో ఉన్నా మన కంటికి రాళ్ళలాగే కనిపిస్తాయి. అందుకే గుడ్లను వెతక్కండి. పిట్టను చూడండి.

మీరు దగ్గరవుతుంటే దాని తీరు మెట్టుమెట్టుగా మారుతుంది. ముందు మెడ నిక్కించి, తల పైకీ కిందకీ ఆడిస్తుంది. తర్వాత ఒక్కో అరుపు, ఆగి ఆగి. తర్వాత లేచి మీ తల మీద చక్కర్లు కొడుతూ అరుపు ఆపదు. ఆ తర్వాత కుక్క మీదికే దూసుకొస్తుంది, లేదా రెక్క విరిగినట్టు నటిస్తూ నేల మీద ఈడ్చుకుంటూ మిమ్మల్ని వేరే దిక్కుకు లాక్కెళుతుంది. ఈ పాఠంలో మీ పని మొదటి మెట్టు దగ్గరే ఆగడం. తల ఆడించడం కనబడిందా, 'ఆగు' అనండి. కుక్క ఆగి నిలబడగానే మీరు కూర్చోండి. పిట్ట మళ్ళీ తన పని చూసుకోవడం మొదలుపెట్టేదాకా కదలకండి. మొదలుపెట్టకపోతే నెమ్మదిగా వెనక్కి జరగండి. ఎక్కడ దాని మనసు కుదుటపడిందో ఆ దూరాన్ని అడుగుల్లో గుర్తుంచుకోండి. పుస్తకాల్లో దొరికే ఏ లెక్కకన్నా అదే సరైనది.

ఇంత పట్టుదల ఎందుకంటే రోహిణి కార్తె ఎండలో గుడ్డు మీద నీడ లేకపోతే లోపలి పిల్ల ఉడికిపోతుంది. తల్లీ తండ్రీ వంతులేసుకుని, పొట్ట ఈకలు నీటిలో తడుపుకొచ్చి మరీ గుడ్లను చల్లబరుస్తాయి. మనం నిలబడిపోయి ఫోటోలు తీస్తున్నంతసేపూ ఆ పని ఆగిపోతుంది. పైనుంచి కాకి ఊరికే ఉండదు.

కుక్కను చదవడం కూడా ఇక్కడే అలవడుతుంది. చెవులు ముందుకు పెట్టి, ముందు కాలు ఒకటి ఎత్తి నిలబడితే ఎదురుగా ప్రాణమున్నదేదో ఉంది. దాని ముక్కు ఎటు ఉందో అటే చూపు సాగించండి. తల దించి వంకర టింకరగా పోతోందంటే ఏదో నడిచి వెళ్ళిన జాడ అది, ఇసుకలో అడుగుల కోసం చూడండి. వీపు మీద వెంట్రుకలు లేచి, వెనక్కి జంకితే వాదించకండి, వచ్చిన దారినే తిరగండి. ముళ్ళపొదల్లో, తాటిమట్టల కింద రక్తపింజరి ఉండొచ్చు.

మొగ దగ్గరి నీళ్ళు ఉప్పగా ఉంటాయి. కుక్క అవి తాగితే వాంతులు, విరేచనాలు తప్పవు, మంచినీళ్ళు వెంట తీసుకెళ్ళండి. వలల్లోంచి ఏరి పారేసిన, బంతిలా ఉబ్బే చేపల్ని నోట పెట్టనివ్వకండి. వాటిలో ప్రాణం తీసే విషం ఉంటుంది. అరచేతి వెనక భాగం ఇసుక మీద ఆనించి చూడండి, కాలితే కుక్క పాదాలకూ కాలుతుంది, ఇంటికి పదండి.

మిగతా కాలాల సంగతి క్లుప్తంగా. వానలు పడ్డాక నీటి మీదికి వంగిన ఈత, తాటి మట్టలకు గిజిగాడు గూళ్ళు వేలాడతాయి. కుక్కకు అందని ఎత్తు కాబట్టి అప్పుడు మీరు నిశ్చింతగా కూర్చుని చూడొచ్చు. ఇంటికొచ్చాక మాత్రం చెవుల్లో, కాలివేళ్ళ మధ్య పిడుదులు వెతకాలి. చలికాలంలో తోక ఆడిస్తూ బురద వెంట పరిగెత్తే ఉల్లంకి పిట్టలు ఉత్తరాది నుంచి వచ్చిన అతిథులు. తిరుగు ప్రయాణానికి అవి కొవ్వు కూడబెట్టుకుంటాయి. కుక్క సరదాకి తరిమిన ప్రతిసారీ అందులో కొంత కరిగిపోతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిళ్ళు భీమిలి ఇసుక మీదికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ నెలల్లో చీకటి పడ్డాక కుక్కను ఒడ్డుకు తీసుకెళ్ళొద్దు. పగటిపూట అయినా ఇసుక తవ్వనివ్వొద్దు.

ఈ వారం అభ్యాసం: ఒకే దారిలో, ఒకే వేళకు నడవండి. తీతువు తల ఆడించిన చోటు, అప్పుడు గాలి దిక్కు, కుక్క చెవుల తీరు, పిట్ట కుదుటపడిన దూరం – ఈ నాలుగే రాసుకోండి. అదే జంట దగ్గర ఆ దూరం రోజురోజుకీ తగ్గుతుంటే మీ ఇద్దరి నడక కుదురుతున్నట్టు. ఉన్నట్టుండి పెరిగితే గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయేమో అనుకోండి. అవి పుట్టిన కొద్ది గంటలకే పరిగెడతాయి, తల్లి అరవగానే రాళ్ళ మధ్య అణిగిపోతాయి. అలాంటప్పుడు గట్టు పైదారి పట్టండి, పాయలోకి దిగకండి.

4వ పాఠంలో ఆటుపోట్ల లెక్క చూసుకుని మొగ దగ్గరికి ఏ వేళకు చేరాలో నేర్చుకుందాం.