ప్రభుత్వ రూల్‌ను పార్లమెంటు కమిటీలా చదవడం ఎలా?

చట్టం పార్లమెంటు చేస్తుంది. దాన్ని అమలు చేసే రూల్స్ మాత్రం మంత్రిత్వ శాఖే రాసుకుంటుంది. మన దరఖాస్తుకీ మన జేబుకీ నేరుగా తగిలేవి ఎక్కువగా ఈ రూల్సే. వాటిని జల్లెడ పట్టడానికి లోక్‌సభలో, రాజ్యసభలో చెరో అధీన శాసనాల (చట్టం కింద చేసే రూల్స్ వంటివి) కమిటీ ఉంది. ఒక్కోదానిలో 15 మంది సభ్యులు. వాళ్లు చూసే తీరులో మనమూ చూడొచ్చు.

1. ముందు మాతృ చట్టం, అంటే ఆ రూల్‌కి ఆధారమైన చట్టం, తీయండి. రూల్స్ చేసే అధికారం సాధారణంగా చివరి సెక్షన్లలో ఉంటుంది. 2005 సమాచార హక్కు చట్టంలో అది సెక్షన్ 27. దరఖాస్తుతో ఫీజు కట్టాలని సెక్షన్ 6 చెబుతుంది, ఎంతో చెప్పదు. ఆ 10 రూపాయల లెక్క 2012 రూల్స్‌లో ఉంది.

2. చట్టాన్నీ రూల్‌నీ పక్కపక్కన పెట్టి చదవండి. అసలు పని ఇక్కడే, తొందరపడొద్దు. దరఖాస్తు మామూలుగా 500 పదాలు దాటకూడదని అవే రూల్స్ అంటాయి. చట్టంలో ఆ హద్దు లేదు. అయితే పదాలు ఎక్కువయ్యాయన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదని వెంటనే మరో వాక్యం ఉంది. ఆ వాక్యమే లేకపోతే, చట్టం ఇచ్చిన హక్కును రూల్ కోసేసినట్టయ్యేది. ఇలాంటి చిన్న వాక్యాల కోసమే వెతకాలి.

3. కమిటీ అడిగే ప్రశ్నలు అడగండి. చట్టంలోనే ఉండాల్సిన విషయం రూల్‌లోకి దూరిందా? పన్ను వేస్తోందా? కోర్టుకు వెళ్లే దారి మూస్తోందా? చట్టం అనుమతించకుండానే వెనకటి తేదీ నుంచి వర్తిస్తోందా?

4. తేదీలు చూడండి. చట్టం వచ్చాక ఆరు నెలల్లో రూల్స్ రావాలి; కుదరకపోతే శాఖ ఈ కమిటీలనే గడువు అడగాలి. 2019 డిసెంబరు నాటి పౌరసత్వ సవరణ చట్టానికి రూల్స్ 2024 మార్చిలో వచ్చాయి. గెజిట్‌లో వచ్చిన రూల్‌ను ఉభయ సభల ముందు సాధారణంగా 30 రోజులు ఉంచాలి.

5. తప్పు కనిపిస్తే సెక్షన్ నంబరు, రూల్ నంబరు, అభ్యంతరం ఒక్క పేజీలో రాసి మీ ఎంపీకి పంపండి. కమిటీ శాఖను వివరణ అడగగలదు, అధికారులను పిలిపించగలదు, సభకు నివేదిక ఇవ్వగలదు. రూల్‌ను తనంతట తాను కొట్టేయలేదు. మార్చాలన్నా రద్దు చేయాలన్నా ఉభయ సభలూ ఒప్పుకోవాలి. అందుకు ఏ ఎంపీ అయినా తీర్మానం నోటీసు ఇవ్వొచ్చు. రద్దయినా, అప్పటిదాకా ఆ రూల్ కింద జరిగినవి సాధారణంగా చెల్లుతాయి. కాబట్టి ఆ ఉత్తరం ఆలస్యం చేయకండి.