తోలు సీటు కుంగిందా? పానా తీసే ముందు తడి సంగతి చూడండి

సైకిల్ తోలు సీటులో స్పాంజి ఉండదు. ముక్కు దగ్గరా, వెనక ఇనుప పట్టీకీ రివిట్లు కొట్టి మధ్యలో తోలును లాగి ఉంచుతారు. నులక మంచమే అనుకోండి, జబ్బులూ అవే.

సమస్య: నడుమ గుంత పడింది, కింద కమ్మీలు తగులుతున్నాయి.
కారణం: చాలావరకు తడిసిన సీటు మీద కూర్చోవడమే. నానిన తోలు బరువుకు సాగి, ఆ రూపంలోనే ఆరి బిగుసుకుంటుంది. మన జూలై వానల్లో ఆఫీసు నుంచి తడుస్తూ వచ్చేవాళ్లకు ఇది తప్పదు.
పరిష్కారం: నీడలో పూర్తిగా ఆరనివ్వండి, రెండు రోజులైనా సరే. త్వరగా ఆరుతుందని డాబా మీద ఎండలో పెడితే అప్పడమే. ఆరాక ముక్కు కింద తోలును లాగి బిగించే టెన్షన్ నట్టును పావు చుట్టు తిప్పి, రెండు మూడు రోజులు తొక్కి చూడండి. బ్రూక్స్ లాంటి కంపెనీల తోలు సీట్లకు దీనికి వేరే పానా దొరుకుతుంది. ఒకేసారి బిగించేస్తే రివిట్ల దగ్గర తోలు చిరుగుతుంది. బోల్టు చివరిదాకా వచ్చేసిందంటే ఇక లాగడానికేమీ లేదు.

సమస్య: పక్క రెక్కలు విచ్చుకుని తొడలకు ఒరుసుకుంటున్నాయి.
పరిష్కారం: నట్టు బిగిస్తే ఇది పోదు. రెండు రెక్కల అంచుల్లో రంధ్రాలు వేయించి, కింద నుంచి బూటు లేసుతో దగ్గరికి లాగి కట్టాలి. వీధి చివర చెప్పులు కుట్టే ఆయనకు ఇది చిన్న పని.

సమస్య: పైన సన్న పగుళ్లు.
కారణం: రోజంతా ఎండలో పార్కింగ్.
పరిష్కారం: తోలుకు రాసే మైనం పల్చగా, ముఖ్యంగా అడుగు వైపు కూడా. కొబ్బరినూనె వద్దు. నేను రాసి చూశాను. సీటు మెత్తబడి మరింత కుంగింది, ప్యాంటుకు మరకలు అదనం.

కిర్రు చప్పుడైతే సీటును పైపుకు పట్టి ఉంచే క్లాంపు నట్లు బిగించి, స్ప్రింగులకు చుక్క నూనె వేస్తే చాలు.

రివిట్ల దగ్గర తోలు చిరిగినా, కమ్మీ విరిగినా మార్చేయడమే మేలు. పాత నల్ల సైకిళ్లకు క్లాంపు సీటుతో పాటే ఉంటుంది, కొత్తవాటికి చాలావరకు సీటు పైపుకే ఉంటుంది. అందుకే కొలతలు నోటితో చెప్పకుండా, పాత సీటును పైపుతో సహా ఊడదీసి సంచిలో వేసుకుని హైదరాబాద్ కోఠిలోని ఇసామియా బజార్ సైకిల్ దుకాణాలకు వెళ్లండి. వచ్చేటప్పుడు, వానొస్తే సీటుకు తొడగడానికి, సీటు కింద మడిచి పెట్టుకునే ఒక ప్లాస్టిక్ కవరు కూడా తెచ్చుకోండి.